దాహమడిగిన పరదేశి



ఈ మధ్య మన సంఘంలో ప్రయాణ ప్రార్థనలు ఎక్కువయ్యాయి. ఒకప్పుడు ప్రయాణ ప్రార్థన అంటే హైదరాబాదుకో బెంగుళూరుకో కూలికి పోయేవాళ్ళ కోసం, మిరపకోతలకు గుంటూరు వైపు బండెక్కేవాళ్ళ కోసం చేసేవాళ్ళం. ఇప్పుడు కువైట్, ఖతర్, దుబాయ్ అంటున్నారు. చదువుకున్న పిల్లలైతే ఇంకా దూరం. ప్రార్థన అయిపోయి తల మీద చెయ్యి తీశాక, తల్లి బిడ్డకు చెప్పే మాట మాత్రం ఏ దేశానికైనా ఒకటే: "యాడికి పోయినా ఎవురితో కలవబాక నాయనా. పని చేసుకో, గదికి రా, తలుపేసుకో."

ఆ తల్లి మాటను మేము తేలిగ్గా తీసెయ్యం. మన పడమటి పల్లెల్లో ఏజెంటు చేతిలో మోసపోని వీధి లేదు. ఇంటిపని అని చెప్పి తీసుకుపోయి ఎడారిలో గొర్రెల దగ్గర వదిలేసిన సంగతులు విన్నాం. ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన పొట్లాన్ని మోసి జైలుపాలైనవాళ్ళ సంగతులూ విన్నాం. జాగ్రత్త చెప్పడం తల్లి ధర్మం. అయితే జాగ్రత్తగా ఉండడం వేరు, తలుపేసుకోవడం వేరు. తలుపేసుకున్న గదిలోకి దొంగ రాడు, నిజమే. అవసరానికి వచ్చేవాడు కూడా రాడు.

మాకు తెలిసిన ఒక సహోదరుడు కువైట్‌లో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేశాడు. యజమాని ఇంటి వెనక ఒక్కడికే గది. మాట తక్కువ మనిషి. పొద్దున్నే వీధి చివర ఇరానీ తాత తందూరు దగ్గర రెండు రొట్టెలు తీసుకోవడం ఆయన అలవాటు. అక్కడ అందరూ డబ్బులిచ్చి రొట్టె తీసుకుని పోతారు. మనవాడు మాత్రం రోజుకొక మాట అడిగేవాడు, దీన్ని ఏమంటారు, దాన్ని ఏమంటారు అని. తాతకు అదొక వేడుకైపోయింది. ఒకసారి యజమాని కుటుంబమంతా సెలవులకు పోయింది. రెండు రోజులు మనవాడు రొట్టెకు రాలేదు. మూడోరోజు తాత పిండి చేతులతోనే వచ్చి పక్కింటి కాపలాదారుణ్ణి వెంటబెట్టుకుని తలుపు కొట్టించాడు. లోపల సహోదరుడు షుగరు పడిపోయి నేల మీద ఉన్నాడు. ఈరోజు ఆయన కర్ర పట్టుకునైనా మన మందిరం మెట్లెక్కుతున్నాడంటే దేవుడు ఆ తాతను వాడుకున్నాడు. ఆ వీధిలో ఆయన రాలేదని గమనించిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

పరిశుద్ధ గ్రంథంలో పరదేశానికి పోయినవాళ్ళ స్నేహాలు ఎక్కడ మొదలవుతాయో ఒకసారి చూడండి. ఎక్కువగా బావి దగ్గరే. అబ్రాహాము దాసుడు రిబ్కాను కలిసింది నీళ్ళ దగ్గర. పారిపోయిన మోషే మిద్యానులో కూర్చున్నది బావి దగ్గర. ఇక యోహాను సువార్త 4వ అధ్యాయంలో మన ప్రభువు సమరయలో, పరాయి ఊరి పొలిమేరలో, మధ్యాహ్నపు ఎండలో కూర్చుని మొట్టమొదట ఏం చేశాడు? బోధించలేదు. నీళ్ళడిగాడు. సముద్రాన్ని గద్దించినవాడు చేదకు తాడు లేక ఒక స్త్రీ ముందు చెయ్యి చాపాడు.

ఈ సంగతి మన ప్రాంతంవాళ్ళకు అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదని మా అభిప్రాయం. కనిగిరి, పామూరు వైపు నీళ్ళ విలువ గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు, ఫ్లోరైడుకు వంగిపోయిన నడుములే చెబుతాయి. అంతకన్నా లోతైన సంగతి ఇంకొకటుంది. మన తాతలకాలంలో ఊరిబావిలో మనవాళ్ళు చేద వెయ్యడానికి లేదు. ఎవరో ఒకరు దయతలచి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగుతారు, ఎవరు తాగరు అన్నదే మన ఊళ్ళలో మనుషుల్ని విడగొట్టిన గీత. యూదుడు సమరయ స్త్రీ కుండలో నీళ్ళు అడిగాడంటే ఆమె ఎందుకంత ఆశ్చర్యపోయిందో మన ముసలమ్మలకు వ్యాఖ్యానం అక్కరలేదు.

అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాల్లో పౌలు ఎక్కిన ఓడ బద్దలై 276 మంది మెలితే ద్వీపానికి కొట్టుకొచ్చారు. వాన, చలి. ఆ ద్వీపవాసులు నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. మన తెలుగు బైబిల్లో వాళ్ళను అనాగరికులన్నారు గానీ, మూలభాషలోని మాటకు గ్రీకు రానివాళ్ళని అర్థం అని సెమినరీలో మాకు చెప్పిన అయ్యగారు నొక్కి చెప్పేవారు. అంటే భాష రానివాళ్ళే. చెప్పాలంటే ఆ రోజు ఆ ఒడ్డున భాష రానివాళ్ళు పౌలు బృందమే! పౌలు ఏం చేశాడు? తడిసిన బట్టలతో చలి కాచుకుంటూ కూర్చోలేదు. తనూ పుల్లలు ఏరుకొచ్చి నిప్పులో వేశాడు. పాము ఆ పుల్లల్లోంచే వచ్చింది, అది వేరే సంగతి. మూడు నెలలు అక్కడున్నారు. ఆ భాగం రాసిన లూకా కూడా "మేము" అనే రాస్తాడు, గమనించండి.

సరే, బైబిలు కాలం దూరం. మన నేల మీద జరిగిన సంగతి చెప్పుకుందాం. సంఘంలో పెద్దవాళ్ళకు తెలిసిందే, పిల్లలకు తెలియడంలేదు.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికా మనిషి 1836లో పుట్టాడు. దైవసేవకు రాకముందు మినెసోటాలో భూములు కొలిచే సర్వే పని చేశాడు. 1865లో నెల్లూరు చేరి, తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలుకు వచ్చి కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం స్థాపించాడు. ఎనిమిదే మంది. అంతకు ముందు 1854 జనవరి 1న, తెల్లవారకముందే లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద మోకరించి ప్రార్థించిన సంగతి ప్రతి కొత్త సంవత్సరం మనం తలుచుకుంటాం. ఆ కొండ మీద కూడా పరదేశులు ఇద్దరు, ఇక్కడివాళ్ళు ముగ్గురు. ఆ లెక్క మాకిష్టం.

క్లౌ దొరకు ఒంగోలులో మొదట దగ్గరైనవాళ్ళు చదువుకున్న పెద్ద కులాలవాళ్ళు. పిల్లల్ని ఆయన బడికి పంపారు. ఆ స్నేహం అలాగే సాగి ఉంటే ఆయనకు గౌరవం ఉండేది, మనకు మాత్రం సువార్త ఇంకా ఎన్నాళ్ళకు వచ్చేదో. ఆ సమయంలో ఒంగోలుకు పడమరగా దాదాపు 40 మైళ్ళ దూరాన తాళ్ళకొండపాడు అనే పల్లె నుంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. ఆయనే యర్రగుంట్ల పేరయ్య. మాదిగవాడు, తోళ్ళ వర్తకుడు. దేవుణ్ణి వెతికిన మనిషి. అంతకుముందే ఒక స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చి ధ్యానంలో కూర్చునేవాడు. తోళ్ళ బేరానికి ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరులో ఒక తెల్లపాదిరి నోట సువార్త విన్నాడు. మీ ఒంగోలుకూ ఒక పాదిరి వస్తున్నాడు, ఆయన్ని అడుగు అని ఆ పాదిరి చెప్పాడట. పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు.

పేరయ్య ఊరికి పోయి ఊరుకోలేదు. పల్లెపల్లెకూ తిరిగి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడు వచ్చి చింతతోపులో గుడారం వేశాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ముప్పై నలభై మంది ఆడామగా వచ్చారు. ఒక్కొక్కరి దగ్గరా ఒక మూట. ఆ మూటల్లో వాళ్ళ తిండి వాళ్ళే తెచ్చుకున్నారు. మేమిక్కడే ఉండి వింటాం అన్నారు. ఐదు రోజులు ఉన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. మన పడమటి సంఘాల పుట్టుక ఆ చింతల నీడలోనే.

మమ్మల్ని ఆలోచింపజేసేది ఆ లెక్కకన్నా, ఎవరు ఎవరికి దారి చూపించారన్నదే. క్లౌ దొరకు ఈ దారులు తెలియవు. ఏ పల్లెలో ఎవరు పెద్ద, ఎవరి మాట ఎవరు వింటారు, ఎవరింట ఏ పూట మాట్లాడవచ్చు అన్నది తెలియదు. ఇవన్నీ పేరయ్యకు తెలుసు. తోళ్ళ వర్తకంలో పేరయ్య తొక్కిన దారులే సువార్త దారులయ్యాయి. మన పల్లెల్లో గురువు, శిష్యుడు, పెద్దమనుషుల కట్టుబాటు ఎలా ఉండేవో చూసి, వాటిని పడగొట్టకుండా వాటి మీదే సంఘాన్ని నిలబెట్టానని క్లౌ దొర తరువాత తన జీవితకథలో ఒప్పుకున్నాడు. సర్వే పనిలో నేల కొలవడం నేర్చినవాడు ఇక్కడికొచ్చి మనుషుల్ని తెలుసుకోవడం ఒక తోలు వర్తకుడి దగ్గర నేర్చుకున్నాడని మేమనుకుంటాం.

అందుకు వెల కూడా చెల్లించాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని ఒంగోలు పెద్దలు చెప్పేశారు. ఆ రాత్రి దొరగారూ ఆయన భార్య హారియట్ అమ్మగారూ వేర్వేరు గదుల్లో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, 1 కొరింథీయులకు 1వ అధ్యాయంలో 26 నుంచి ఉన్న వచనాలే తెరిచి చదివారని సాక్ష్యం. బడి ఖాళీ అయింది. పేరయ్య స్నేహం మిగిలింది.

దాన్ని సమానుల స్నేహం అని మేము అనం. ఒకడు దొర, ఒకడు వెట్టి చేసే కులంవాడు. ఒకరు గుడారంలో, ఒకరు చెట్టుకింద. ఆ కాలం తేడాలు వాళ్ళ మధ్య కూడా ఉన్నాయి, లేవంటే అబద్ధం. అయినా 1876 నుంచి 1878 దాకా కరువు వచ్చినప్పుడు ఆ స్నేహం పనికొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని క్లౌ దొర వేలమందికి కూలి ఇప్పించాడు. మన బోధకులే మేస్త్రీలు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చినవాళ్ళు ఆరుగురు మన బోధకులు, ఇద్దరేసి చొప్పున. దొర తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. మేము ఈ సంగతి చదివిన ప్రతిసారీ ఒడ్డున ఉన్న ఆ పరదేశి దగ్గరే కాసేపు ఆగిపోతాం.

పేరయ్య సంగతులు మనకు ఇంత వివరంగా తెలియడానికి ఇంకొక పరదేశి కారణం. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారు. స్విట్జర్లాండులో డాక్టరేటు పొందిన పండితురాలు. అంతటి చదువరి ముసలి మాదిగ బోధకుల దగ్గర కూర్చుని, మీ చిన్నప్పుడు ఎలా ఉండేది, మీ అమ్మ ఏం చేసేది, మీ గురువెవరు అని అడిగి రాసుకుంది. 1899లో అది పుస్తకమైంది. దాని పేరును తెలుగులో చెప్పుకుంటే "చెప్పులు కుడుతూ ఉండగా" అని. మన ముత్తాతల నోటి మాటల్ని మనమెవరం రాసిపెట్టుకోలేదు. పైదేశం నుంచి వచ్చిన ఒక స్త్రీ అడిగింది కాబట్టి మిగిలాయి.

చెప్పుల మాట వచ్చింది కాబట్టి మా సొంత సంగతి ఒకటి.

2018లో రాష్ట్ర ప్రభుత్వం యెరూషలేము యాత్రికులకిచ్చే సహాయం కొంత, అప్పు కొంత చేసుకుని మేమిద్దరం పరిశుద్ధ దేశయాత్రకు వెళ్ళాం. నలభై మందిమి ఒకే బస్సు. పొద్దున్నుంచి రాత్రిదాకా చూడాల్సిన స్థలాలు, ఎక్కడ దిగినా ఇరవై నిమిషాలు. భోజనానికి మనవాళ్ళ పచ్చడి సీసాలు బయటికొచ్చేవి. అలాంటి యాత్రలో రాళ్ళతో మాట్లాడతాం గానీ మనుషులతో మాట్లాడే తీరిక ఉండదు. బేత్లెహేములో రాతిమెట్లు దిగుతుండగా మా అమ్మగారి చెప్పు తెగింది. పక్కనే ఒలీవచెక్క బొమ్మలమ్మే దుకాణం. అందులోంచి ఒక పెద్దాయన వచ్చి, మాట కూడా అడక్కుండా వంగి ఆ చెప్పు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. లోపలికి కేకేశాడు. ఆయన భార్య తన చెప్పులు తెచ్చి మా అమ్మగారి కాళ్ళ ముందు పెట్టింది. తెగిన చెప్పును మనవడి చేతికిచ్చి కుట్టించుకు రమ్మని పంపాడు.

మా అమ్మగారు కళ్ళు తుడుచుకోవడం చూసి ఆ దంపతులు కంగారుపడ్డారు. కాలు బెణికిందేమో అనుకున్నారు. ఎలా చెప్పడం? మా ముత్తాతలు ఊరందరికీ చెప్పులు కుట్టినవాళ్ళు. కుట్టిన చెప్పులు తొడుక్కుని ఆ ఊరి వీధుల్లో నడవడానికి మాత్రం వాళ్ళకు లేదు, చేత్తో పట్టుకుని పోవాలి. మన చెప్పు ఇంకొకరు ముట్టుకోవడం, ఇంకొకరి ఇంటావిడ తన చెప్పులు మనకివ్వడం, ఇవి మా ఇంట్లో చిన్న సంగతులు కావు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనకు చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చిన్న గాజు గ్లాసుల్లో ఆకు వేసిన టీ ఇచ్చారు.

తరువాత ఆయన అడిగాడు, మీకు సువార్త ఎవరు తెచ్చారని. పేరయ్య గురించి చెప్పాం. మరి మీరు ఎప్పుడు క్రైస్తవులయ్యారు అని మేము తిరిగి అడిగాం. ఆయన నవ్వి, పెంతెకొస్తు దినాన మా వాళ్ళు కొందరు అక్కడే ఉన్నారు కదా అన్నాడు! అరబ్బులంటే అందరూ ముస్లింలే అనుకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. యేసు పుట్టిన ఊళ్ళో తరతరాలుగా ఆయన్ని ఆరాధిస్తున్న అరబ్బు కుటుంబాలున్నాయి. ఇంకొక మాట కూడా చెప్పాడు. యెరూషలేము అక్కడికి పది కిలోమీటర్లు. ఇన్ని వేల కిలోమీటర్ల నుంచి వచ్చిన మేము ముందురోజే చూసి వచ్చాం. ఆయనకు పోవాలంటే అనుమతి కాగితం కావాలి. పండుగకు దరఖాస్తు పెట్టుకుంటాడు, వస్తే వస్తుంది, లేకుంటే లేదు. ఆ గోడ, ఆ తనిఖీ ద్వారం మేము బస్సు కిటికీలోంచి చూశాం. ఆయన చెప్పాకే అదేమిటో తెలిసింది. ఇప్పటికీ క్రిస్మసుకు ఆయనకొక మెసేజి పంపుతాం. అక్కడ యుద్ధం వచ్చి యాత్రికులు రాక దుకాణాలు మూతపడ్డాయని వార్తల్లో విన్నప్పుడు మాకు ఒక దేశం గుర్తురాలేదు. ఆ ముసలావిడ చెప్పులు గుర్తొచ్చాయి.

పరదేశంలో మనవాళ్ళను మనం వెతుక్కోవడం తప్పు కాదు. జాన్ రంగయ్య గారు 1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మిషనరీగా పోయింది చెరకు, తేయాకు తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళ కోసమే. ఆ ఏడు డిసెంబరులోనే కెర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘం కట్టాడు. దిక్కులేనివాళ్ళకు సొంత భాషలో ప్రార్థన ఎంత బలమో అక్కడున్న మీకే బాగా తెలుసు. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారం ఎన్ని భాషల్లో ఆరాధనలు జరుగుతాయో మన సహోదరీలు చెబుతుంటారు. అయితే వారమంతా తెలుగు గది, శుక్రవారం తెలుగు ప్రార్థన, మధ్యలో ఫోనులో తెలుగు సీరియలు. పదేళ్ళు ఉండి వచ్చినా ఆ దేశంలో ఒక్క ఇంటి పేరు తెలియకపోతే అక్కడున్నది మనిషా, మన చేతులా?

ఆ చర్చికి సంబంధించిన ఒక సంగతి చాలామందికి తెలియదు. దాని కాపరి ఇమ్మానుయేల్ ఘరీబ్ గారు కువైట్ పౌరుడే, అక్కడి మనిషే. 1999లో అభిషేకం పొందారు. ఆ ఇంటిపేరు మమ్మల్ని ఆకట్టుకుంది. అరబ్బీలో ఘరీబ్ అంటే పరదేశి, కొత్తవాడు అని. అదే మాట ఉర్దూలోకి వచ్చి మన ఊళ్ళలో గరీబు, అంటే బీదవాడు అయింది. దేశం కానిదేశంలో దిగిన మొదటిరోజు ఈ రెండు అర్థాలూ ఒకటే అని, వెళ్ళినవాళ్ళెవరినడిగినా చెబుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీలో కొందరు మంచి మనసుతోనే, స్నేహం చేసుకుంటే సువార్త చెప్పే అవకాశం వస్తుంది కదా అయ్యగారూ అంటారు. గల్ఫు దేశాల్లో ముస్లింలకు మతప్రచారం చెయ్యడం చట్టవిరుద్ధం, దాన్ని మరవకండి. చట్టం సంగతి పక్కనపెట్టినా, స్నేహాన్ని ఎరగా వెయ్యడం మాకు నచ్చదు. ఎర అని తెలిసిన రోజు చేప సంగతేమోగానీ మనిషి మనసు విరిగిపోతుంది. ప్రభువు సమరయలో నీళ్ళడిగినప్పుడు ఆయనకు నిజంగానే దాహం వేసింది. నటన కాదు.

ఇప్పుడు మన సంఘంలోని ఒక సహోదరి సంగతి చెబుతాం. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాం, పేరు మాత్రం వద్దంది. కువైట్‌లో రెండిళ్ళల్లో పనిచేసింది. మొదటి ఇంట్లో నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు, ఫోను తీసుకున్నారు. అలాంటి ఇంట్లో స్నేహం చేసుకో అని చెప్పడానికి మాకు నోరు రాదు. అక్కడ చెయ్యాల్సింది ఇండియా ఎంబసీకి చేరడం, ఆమె అదే చేసింది. రెండో ఇంట్లో ఒక ముసలమ్మ ఉండేది, యజమాని తల్లి. మంచం పట్టిన మనిషి. మొదటి నెలంతా ఆవిడ కేకలు, ఈమె ఏడుపులు. ఒకరి మాట ఒకరికి తెలియదు.

ఒకరోజు వంటింట్లో మచ్‌బూస్ వండుతున్నారు. అది మన బిరియానీ లాంటిది, ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలు వేస్తారు. ఈమె ఆ నిమ్మకాయ తీసుకుపోయి ముసలమ్మకు చూపించి, ఇదేంటి, ఎందుకేస్తారు, నాకు నేర్పించు అని సైగలు చేసింది. పని నేర్చుకుంటే పని తొందరగా అవుతుందనే అడిగింది, అంతకుమించి ఏమీ లేదు. ఆ ఇంట్లో ఆ ముసలమ్మను ఎన్నాళ్ళుగానో ఎవరూ ఏదీ నేర్పమని అడగలేదు. మందు వేసుకో, పడుకో అనేవాళ్ళే. ఆరోజు చక్రాల కుర్చీలో వంటింటికి వచ్చి కూర్చుంది. మరుసటిరోజు కూడా వచ్చింది.

అరబ్బీలో 'ప' అక్షరం లేదు. పామూరు అనమంటే ఆవిడ బామూరు అనేది. మన సహోదరికి గొంతు లోతులోంచి పలికే అక్షరాలు రావు. ఇద్దరూ ఒకరి నోరు ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళు. 2020లో కరోనా మూతలప్పుడు ఇక్కడ సహోదరి తల్లి చనిపోయింది. విమానాలు లేవు. మట్టి వేయించింది మేమే, ఫోనులో చూపించాం. అప్పుడు ఆ ముసలమ్మ కుర్చీ దిగలేని మనిషి, దింపమని గొడవచేసి, వంటింటి నేల మీద ఈమె పక్కన కూర్చుందట. భుజం మీద చెయ్యి వేసి, నీళ్ళు తాగించి, ఆ పూట పని ఎవరూ చెప్పకూడదని కోడళ్ళకు గట్టిగా చెప్పిందట. పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది, జీతమూ అంతే. ఆ స్నేహం వాటిని మార్చలేదు. మార్చిందని మేము రాస్తే ఆ సహోదరే నవ్వుతుంది. "అయ్యగారూ, అమ్మ పోయిన్నాడు నాకు అమ్మ ఉండింది" అంటుంది, అంతే.

పోయిన ఏడు ఆ ముసలమ్మ కూడా కన్నుమూసింది. ఆ ఇంటి మనవరాలు వాయిస్ మెసేజి పంపింది. అప్పటికి సహోదరి ఇక్కడికి వచ్చేసి రెండేళ్ళయింది. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, ఆ తల్లి కోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పాలి, ఆ ఇంటివాళ్ళ ఆదరణ కోసం ప్రార్థించాలి అని అడిగింది. ముందు వరుసలో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు, వాళ్ళు ముస్లింలు కదా అని. మెలితే ద్వీపంలో నిప్పు రాజేసినవాళ్ళు ఏ సంఘంవాళ్ళో ఒకసారి చదివి రండి అని చెప్పి, మేము ప్రార్థన మొదలుపెట్టాం.

ఆవిడ పేరు చెప్పి ప్రార్థిద్దామంటే మొదటి అక్షరమే మాకు నోరు తిరగలేదు. రెండోసారీ తప్పింది. సహోదరి కళ్ళు మూసుకునే, అలా కాదయ్యగారూ, గొంతులోంచి అనండి అని సరిదిద్దింది. వెనక వరుసలో సండేస్కూలు పిల్లలు కిసుక్కున నవ్వారు. మూడోసారికి వచ్చింది.